దగ్గు మేడమ్ చచ్చినవాణ్ణి దగ్గించిందట

పెద్దాసుపత్రిలో ఒక మాట తిరుగుతూ ఉంటుంది. మూడో అంతస్తులో దగ్గు మేడమ్ అని ఒకావిడ ఉంది, ఆవిడ ఒకసారి చచ్చినవాణ్ణి దగ్గించింది అని. నాకు మొదట చెప్పింది స్కూటర్లు నిలిపే చోట చీటీలిచ్చే మనిషి.

"నీకు తెలీదా అమ్మాయ్? శవాన్ని తోసుకుపోతున్నారట. ఈవిడ ఎదురొచ్చి, 'ఏయ్, దగ్గు' అందట. అంతే. దుప్పటి కిందనుంచి ఖళ్ళున దగ్గాడట. తోసేవాడు అక్కడే వదిలేసి పారిపోయాడు. ఇప్పటికీ డ్యూటీకి రాలేదు."

క్యాంటీన్‌కి వెళ్ళేసరికి ఇదే కథ ఇంకాస్త ఉడికింది. అక్కడ శవం లేచి కూర్చుని టీ అడిగింది, పంచదార తక్కువ వెయ్యమంది. రక్తం తీసే గది ముందు వరసలో నిలబడ్డ ఒకావిడ చెప్పినదాంట్లో కొడుకులిద్దరూ అప్పటికే చేతిగడియారం కోసం తగువు పడుతున్నారు, శవం లేచి చెరొకటి పీకింది. లిఫ్టు నడిపే ఆయన అయితే మనిషి పోయి అప్పటికి పూట గడిచిందంటాడు. పైకెళ్ళినవాళ్ళు, కిందికొచ్చినవాళ్ళు అందరూ ఆయనకి తెలుసు కాబట్టి ఆయన మాటకి విలువెక్కువ.

నేను విని ఊరుకుంటాను. ఎదుటి మనిషి అంత సంతోషంగా చెబుతుంటే మధ్యలో అడ్డం రావడం నాకు చేతకాదు. పైగా, ఆ శవం మా నాన్న.

మా నాన్న సిటీ బస్సు కండక్టరు. ఉద్యోగంలో చేరినప్పటినుంచీ బస్సు వదిలే పొగ పీల్చాడు. చివరి స్టాపులో దిగి, సొంత డబ్బు పెట్టి కొనుక్కున్న పొగ పీల్చాడు. పోయినేడాదికి ఆయన ఊపిరి ఎలా తయారయిందంటే, చొక్కా గుండీలు పెట్టుకుంటూ మధ్యలో ఒకసారి కూర్చోవాల్సి వచ్చేది. టికెట్టు అని నోటితో అనడానికి ఊపిరి చాలక చెయ్యి మాత్రం చాపేవాడు. కండక్టరుకి పొగరెక్కువ అనుకునేవాళ్ళట జనం.

అలాంటి ఛాతీలో, కుడివైపు పైన, ఒక గడ్డ కనిపించింది. కోసి తీసేయాలన్నారు. ఆపరేషన్ చేసే పెద్ద డాక్టరు ఎక్స్‌రేని కిటికీ వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశాడు.

"గడ్డ తీయడం నా పని, తీసేస్తాను. తీశాక ఊపిరి పీల్చడం మీ పని. ఇప్పుడున్న ఊపిరితిత్తులతో బల్ల ఎక్కారంటే, తర్వాత ఊపిరాడించే మెషీన్ మీదనుంచి దిగలేరు. ముందు మూడో అంతస్తులో మేడమ్ దగ్గర తయారవ్వండి. ఆవిడ సరే అంటేనే కత్తి పడతాను" అన్నాడు.

"ఆవిడ సరే అనకపోతే?" అని అడిగింది మా అత్తయ్య. మా నాన్నకి అక్క. మా ఇంట్లో ఏ ప్రశ్నయినా ముందు అత్తయ్యే అడుగుతుంది, చాలాసార్లు జవాబు కూడా ఆవిడే చెబుతుంది.

"గడ్డ మనకోసం ఆగదమ్మా. ఎండలు పోయేలోగా తేలాలి" అన్నాడు డాక్టరు.

మేడమ్ గది నడవా చివర, దుప్పట్లు దాచే గది పక్కన ఉంటుంది. ఒకప్పుడు అదీ దుప్పట్ల గదే. ఒక కుర్చీ, ఒక చెక్కబల్ల, ఒక అద్దం, ఒక దిండు, గొట్టాలు పెట్టిన నీళ్ళ సీసాలు, మూడు రంగుల బంతులున్న ప్లాస్టిక్ డబ్బాలు. గోడమీద ఊపిరితిత్తుల బొమ్మకి ఎవరో పెన్నుతో మీసాలు పెట్టారు. ఆవిడ పొట్టి మనిషి, కాస్త లావు. నడిస్తే బూట్లు కిర్రుమంటాయి. ఆ కిర్రు వినపడగానే వార్డులో మగాళ్ళందరూ నిద్ర నటిస్తారు.

"దగ్గండి" అంది నాన్నతో. నమస్కారం లేదు, ఎలా ఉన్నారని లేదు.

నాన్న మర్యాదగా దగ్గాడు.

"ఇది గుమ్మం దగ్గు. ఇంట్లో ఆడవాళ్ళున్నారని మామగారు బయట నిలబడి దగ్గేది. ఇంకోటి."

నాన్న ఇంకోటి దగ్గాడు.

"ఇది మీటింగు దగ్గు. నన్ను మాట్లాడనివ్వండి అని. నాకు కావాల్సింది పొట్టలోంచి రావాలి."

"అంత దగ్గు నాకు రాదు మేడమ్."

"రాదు కాబట్టే నాకు జీతం ఇస్తున్నారు. కోసిన తర్వాత లోపల కఫం చేరుతుంది. కుట్లు నొప్పి పుట్టి మీరు దగ్గరు. దగ్గకపోతే అది దారి మూసేస్తుంది. ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. అప్పుడు నేర్పుతానంటే మీరు వినే స్థితిలో ఉండరు. అందుకే ఇప్పుడు."

దిండు తీసి నాన్న చేతుల్లో పెట్టి, పక్కటెముకల మీద గట్టిగా అదుముకోమంది. అద్దం మీద ఆవిరి పట్టించినట్టు నోరు తెరిచి "హా" అనమంది. మళ్ళీ "హా". ఆ తర్వాత దగ్గు. తనే చేసి చూపించింది. ఆ చిన్న గదిలో ఆ దగ్గుకి సీసాల్లో నీళ్ళు కదిలాయి. అత్తయ్య నాలుగడుగులు వెనక్కి వేసి, "ఈవిడకే బాగాలేనట్టుందే" అంది నా చెవిలో.

ఈ అనుమానం అత్తయ్య ఒక్కదానిదే కాదని తర్వాత తెలిసింది. ఇంటిదగ్గర ఆవిడ కొత్తరకం దగ్గులు సాధన చేస్తుంటే వినీ వినీ ఒక ఇంటాయన, అంటురోగం అని ఖాళీ చేయించాడట. బస్సెక్కి ఒక్కసారి గొంతు సవరించుకుంటే చుట్టూ సీట్లన్నీ ఖాళీ అవుతాయట. ఈ సంగతి ఆవిడ మా అమ్మకి చెబుతూ, "కాళ్ళు నొప్పిగా ఉన్నరోజు మాత్రమే వాడతాను" అంది. ఆవిడ భర్తకి నిజంగా దగ్గొస్తే వీధి చివరిదాకా నడిచివెళ్ళి దగ్గి వస్తాడు. ఇంట్లో దగ్గితే ఈవిడ దిండు పట్టుకుని వచ్చేస్తుంది.

మొదట్లో ఆవిడని మోకాళ్ళ వార్డుకి తీసుకున్నారు. మోకాళ్ళంటే ఇప్పటికీ ప్రేమ. "మోకాళ్ళు మర్యాదస్తులు. వంగమంటే వంగుతాయి. ఊపిరితిత్తులు ఎదురు చెబుతాయి" అంటుంది. ఛాతీ వార్డులో మనిషి మానేస్తే కొన్నాళ్ళు చూడమని పంపారు. ఆ కొన్నాళ్ళు ఇంకా అవలేదు.

ఆవిడకి కఫం అంటే సిగ్గూ అసహ్యం ఏమీ లేవు. కప్పు అందుకుని, బంగారం కొట్లో గొలుసు చూసినట్టు వెలుతురుకి వంచి చూస్తుంది. "రంగు బాగుంది. నిన్నటికంటే పల్చన" అని మెచ్చుకుంటుంది. ఆ చేత్తోనే కాకపోయినా, చేతులు కడుక్కుని వెంటనే బ్రెడ్డు తింటుంది. మా అమ్మ ఆ వారమంతా బ్రెడ్డు ముట్టలేదు.

నాన్నకి ఆవిడ పెట్టిన పనులు చాలానే ఉన్నాయి. బంతుల డబ్బా గొట్టం నోట్లో పెట్టుకుని గాలి లోపలికి పీలిస్తే బంతులు పైకి లేవాలి. సీసాలో నీళ్ళు బుడబుడమనేలా ఊదాలి. నడవా అంతా నడవాలి, మెట్లెక్కాలి. మందు పీల్చే పంపుని సెంటు కొట్టుకున్నట్టు మెడమీద కొట్టుకోకుండా నోట్లోకి పీల్చాలి. అన్నిటికంటే ముందు సిగరెట్టు మానాలి.

"మానేశాను మేడమ్" అన్నాడు నాన్న.

ఆవిడ ఊపిరిలో పొగని పట్టే చిన్న మీటరు ఒకటి తీసి గాలి ఊదమంది. మీటరులో అంకె పైకి పోయింది.

"టికెట్టు లేకుండా ఎక్కినవాడు పట్టుబడితే ఏమనేవాడు కండక్టరు గారూ?"

"పోయినస్టాపులోనే ఎక్కానండీ అనేవాడు."

"మీరేమనేవారు?"

"దిగు అనేవాణ్ణి."

నాన్న తన తోలు సంచి తెరిచి, చిల్లర వేసే అరలోంచి సిగరెట్ పెట్టె తీసి బల్లమీద పెట్టాడు. మీటరుకి ఓడిపోవడం ఆయనకి కొత్త. టిక్కెట్ల లెక్క చూసే ఇన్‌స్పెక్టరుతో కూడా వాదించేవాడాయన.

వార్డులో నాన్న పక్క మంచం ఒక పెయింటరుది. గోడలకి రంగులేసీ వేసీ ఆయన ఛాతీ కూడా మా నాన్న ఛాతీలాగే అయింది, ఆయనా ఆపరేషన్ కోసమే ఎదురుచూస్తున్నాడు. ఆయన చెప్పాడు, ఈవిడ అంత మొండిగా ఎందుకుంటుందో. ఒకసారి పెద్దవాళ్ళ సిఫారసుతో ఒకాయన వచ్చాడట. బంతులూ దిండూ మాకెందుకు, తొందరగా చేసేయండి అన్నారట ఇంట్లోవాళ్ళు. ఆవిడ వద్దంది, కానీ గట్టిగా అనలేదు. ఆపరేషన్ చక్కగా జరిగింది. మనిషి మాత్రం మెషీన్ మీదనుంచి దిగలేదు. ఆ తర్వాతనుంచి ఆవిడ పెద్ద డాక్టరు మొహం మీదే కాదంటుంది. వాదించడు ఆయన కూడా.

ఇది విని మా అమ్మ ఏడ్చింది. అత్తయ్య కొంగు బిగించింది. అక్కడే మేము తప్పు చేశాం. మా కుటుంబంలో ఒకరికి కష్టమొస్తే తలా ఒక చెయ్యి వేయడం అలవాటు. నాన్న బంతుల డబ్బా పట్టుకుని రెండుసార్లు పీల్చి, చెమటలు పట్టి, కళ్ళు తేలేస్తే అత్తయ్య చూడలేకపోయింది.

"ఇలా ఇవ్వరా తమ్ముడూ. నువ్వు అలిసిపోయావు. మిగతావి నేను పీలుస్తాలే" అని డబ్బా లాక్కుంది.

ఎవరికీ ఇందులో వింత కనిపించలేదు. అమ్మ నడక తీసుకుంది. "ఏవండీ, మీరు పడుకోండి, మీ పొద్దుటి నడక నేను నడిచి వస్తాను" అని చెప్పులేసుకునేది. మెట్లు బాబాయి వంతు. సాయంత్రం ఫ్యాక్టరీనుంచి వచ్చి, టిఫిను డబ్బా కింద పెట్టి, నాన్న ఎక్కాల్సిన మెట్లు తను ఎక్కి దిగి ఇంటికి పోయేవాడు. నాకు నీళ్ళ సీసా ఇచ్చారు. బడి మానేశాక ఇంట్లో ఖాళీగా ఉన్నదాన్ని కాబట్టి పగలంతా వార్డులో నేనే ఉండేదాన్ని. సీసా నాన్నకే తిరిగి ఇద్దామనుకుంటూనే ఉన్నాను గానీ, అత్తయ్య ఎదుట నా గొంతు ఎప్పుడు లేచింది గనక. నాన్న మంచం మీద దిళ్ళకి ఆనుకుని, మా అందరినీ చూస్తూ "రైట్, రైట్" అనేవాడు.

మేడమ్ వచ్చి ఇవాళ ఎన్ని బంతులు లేచాయని అడిగితే, "మూడూ!" అనేది అత్తయ్య. అది అబద్ధం కాదు. అత్తయ్య మూడు బంతులూ లేపి, డబ్బా పైకప్పుకి అతికించినట్టు నిలబెట్టి, కళ్ళెగరేసేది. ఆవిడ ఆయాసం కూడా తగ్గింది. అమ్మ బరువు తగ్గి జాకెట్లు కుట్టించుకోవాల్సి వచ్చింది. బాబాయి ఫ్యాక్టరీ మెట్లపోటీలో గెలిచి ఒక ఫ్లాస్కు తెచ్చాడు. మా ఇంట్లో అంత ఆరోగ్యం ఎప్పుడూ లేదు, ఒక్క నాన్నకి తప్ప.

మేడమ్ ఒకరోజు నాన్నని గదికి పిలిచి, తలుపు దగ్గర మమ్మల్ని ఆపి, డబ్బా చేతికిచ్చింది. ఒక బంతి కదిలి, సిగ్గుపడ్డట్టు కింద కూర్చుంది. మిగతా రెండూ అసలు మేలుకోలేదు.

"మరి మూడు బంతులు లేపిందెవరు?"

"మా అక్క" అన్నాడు నాన్న, కొంచెం గర్వంగా.

"నడిచింది?"

"మా ఆవిడ."

ఆవిడ మా వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాం. తిట్టలేదు. "రండమ్మా లోపలికి" అని అత్తయ్యని పిలిచి, ఎంతో మర్యాదగా చెక్కబల్ల మీద పడుకోమంది. ఊపిరి వినే గొట్టం పెట్టి వింది.

"చాలా బాగుంది. మీరు పూర్తిగా తయారయ్యారు. పెద్ద డాక్టరు గారికి ఇప్పుడే చెబుతాను. రేపు ఖాళీ ఉంది."

"ఏం ఖాళీ?"

"ఆపరేషన్ బల్ల." జేబులోంచి లావుపాటి నల్లపెన్ను తీసి మూత లాగింది. "తయారైనవాళ్ళకే కదా చేసేది. కుడివైపు తిరగండి. వీపునుంచి మొదలుపెట్టి, చంక కిందుగా, ఇదుగో, ఇక్కడిదాకా కోస్తారు" అంటూ జాకెట్టు మీద గీత గీయడం మొదలుపెట్టింది.

అత్తయ్య బల్లమీదనుంచి లేచిన వేగం నేను మళ్ళీ చూడలేదు. "నాకెందుకు కోస్తారు! గడ్డ వాడిది!"

"ఊపిరి మీదీ, గడ్డ ఆయనదీ. ఎవర్ని కొయ్యాలో మీరే తేల్చుకుని చెప్పండి."

నాన్నకి నవ్వొచ్చింది. చాలా రోజులకి వచ్చిన నవ్వు, ఆగలేదు. అత్తయ్య జాకెట్టు మీద నల్లగీత చూసి ఇంకా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఊపిరి అందకుండా అయిపోయాడు. పెదాలు నీలంగా మారాయి. గాలి కోసం ఎగబీలుస్తున్నాడు, ఎంత పీల్చినా లోపలికి పోవడం లేదు. అమ్మ కేక పెట్టింది.

మేడమ్ నాన్న ముందు మోకాళ్ళమీద కూర్చుని, ఆయన రెండు భుజాలూ పట్టుకుంది.

"పీల్చకండి. వినండి. బస్సు నిండిపోయింది. ఫుట్‌బోర్డు మీద కూడా చోటు లేదు. ఇంకా ఎక్కించాలని చూస్తున్నారు. ముందు దిగేవాళ్ళని దిగనివ్వండి. పెదాలు సున్నాలా చుట్టండి. ఊదండి. మెల్లిగా. తోసుకోకుండా దిగాలి. ఇంకా ఉన్నారు లోపల, అందర్నీ దిగనివ్వండి. ఇప్పుడు ఎక్కించుకోండి."

నాన్న ఊదాడు. మళ్ళీ ఊదాడు. పెదాల రంగు తిరిగొచ్చింది. ఆయన ఆవిడ వంక చూసిన చూపు నాకు గుర్తుంది. ఎన్నో ఏళ్ళుగా తను రోజూ అరిచిన మాట తన ఛాతీకి కూడా పనికొస్తుందని ఆయనకి అప్పటిదాకా తోచలేదు.

"ఇన్నాళ్ళూ దించకుండా ఎక్కిస్తున్నానా?" అన్నాడు.

"పైగా మీ అక్క కూడా ఎక్కింది" అంది మేడమ్.

ఆ మర్నాటినుంచి అత్తయ్య డబ్బా ముట్టుకోలేదు. నల్లగీత ఉన్న జాకెట్టు మాత్రం ఉతకకుండా దాచింది, ఎవరైనా వస్తే చూపించడానికి.

నాన్న పని మొదలుపెట్టాడు. మెట్లని బస్సు రూటు చేసుకున్నాడు. మలుపు వచ్చినచోటల్లా ఒక స్టాపు. రెయిలింగు పట్టుకుని, పెదాలు చుట్టి గాలి వదిలి, "దిగేవాళ్ళు దిగండి" అని తనకి తానే చెప్పుకుని మళ్ళీ ఎక్కేవాడు. వెనకాల మెట్లెక్కే జనం కూడా తెలియకుండానే ఆగేవాళ్ళు. ఒకాయన నిజంగానే దిగి వెళ్ళిపోయాడు. మేడమ్ చెప్పిందని తన విజిలు తెప్పించుకుని, నీళ్ళ సీసా బదులు అది ఊదడం మొదలుపెట్టాడు. సన్నగా, పొడుగ్గా, ఊపిరి అయిపోయేదాకా. ఒక విజిలేస్తే నడవాలో చక్రాల కుర్చీలు ఆగిపోయేవి. రెండు వేస్తే కదిలేవి. నర్సులు గొడవ చేస్తే మేడమ్ విజిల్లో గింజ తీసేసింది. గాలి చప్పుడు మాత్రం మిగిలింది. దిండు పట్టుకుని "హా, హా, దగ్గు" పొద్దునా సాయంత్రం ఆవిడ ఎదుటే చేయాలి. పెయింటరూ నాన్నా పోటీ పడేవాళ్ళు. "నీది ఇంకా ప్రైమరే, రెండో కోటు పడలేదు" అనేవాడు పెయింటరు.

ఎండలు తగ్గి మొదటి వాన పడ్డరోజు నాన్న మధ్యలో ఆగకుండా మూడో అంతస్తుకి ఎక్కాడు. మేడమ్ పై మెట్టుమీద కూర్చుని ఉంది. మీటరు ఊదించింది, డబ్బా ఇచ్చింది, దగ్గించింది. అన్నీ అయ్యాక, "రైట్" అంది. ఆవిడ సరే అనడం అదే.

ఆపరేషన్ బాగా జరిగింది. మెషీన్ మీదనుంచి నాన్న ఆరోజే దిగాడు. మా కష్టం తీరిపోయిందనుకున్నాం. వార్డుకి తెచ్చాక అసలు కథ మొదలైంది. పక్కటెముకల మధ్య కోత, అక్కణ్ణుంచి ఒక గొట్టం, గొట్టం చివర సీసా. ఊపిరి తీస్తేనే ప్రాణం పోతోందనేవాడు, ఇంక దగ్గడం ఎక్కడ. మేడమ్ మొదటిరోజు రెండుసార్లు వచ్చింది. నాన్న గుమ్మం దగ్గు దగ్గి, కళ్ళు మూసుకున్నాడు. ఛాతీలో గురగురమనే చప్పుడు నాకు పక్కనుంచే వినిపిస్తోంది.

మర్నాడు పొద్దున్నే ఎక్స్‌రే తీశారు. పెద్ద డాక్టరు చూసి మొహం చిట్లించాడు. కింది భాగం కఫంతో మూసుకుపోయి ముడుచుకుంటోందన్నాడు. "మధ్యాహ్నంలోగా అది బయటికి రావాలి. రాకపోతే గొంతులో గొట్టం వేసి మళ్ళీ మెషీన్ మీద పెట్టాలి. ఈసారి దిగుతారని నేను చెప్పలేను" అని వెళ్ళిపోయాడు.

అమ్మ టీ కోసం కిందికెళ్ళింది. అత్తయ్య మంచం పక్కన కూర్చుని గట్టిగా ఏడుస్తోంది. నడవా చివర బూట్ల కిర్రు వినిపించింది. నాన్న ఆ కిర్రు విని దుప్పటి తలమీదుగా లాక్కుని, కదలకుండా పడుకున్నాడు. మేడమ్ ముందు వేరే రోగి కోసం తన గదిలోకి వెళ్ళింది.

అదే సమయంలో స్ట్రెచర్ తోసే కొత్తతను వచ్చాడు. పక్క వార్డులో ఆరో నంబరు మంచం మీద ఒక పెద్దాయన పొద్దున్నే పోయాడు. ఆయన్ని తీసుకురమ్మని అతన్ని పంపారు. మాదీ ఆరో నంబరే. అతను తలుపు దగ్గర నిలబడి చూశాడు. మంచం మీద తలనుంచి పాదాలదాకా కప్పిన మనిషి, పక్కన గుండెలు బాదుకుంటున్న ఆడమనిషి. ఇంకేం కావాలి. నర్సులు డ్యూటీ మారే హడావుడిలో బల్ల చుట్టూ మూగి ఉన్నారు. మంచానికే చక్రాలున్నాయి. తలవైపు చిన్న ఆక్సిజన్ సిలిండరు కట్టి ఉంది. శవానికి ఆక్సిజన్ ఎందుకని అతను అడగలేదు. పెద్దాసుపత్రిలో కొత్తగా చేరినవాడు ఏదీ ఎందుకని అడగడు.

"తీసుకెళ్ళొచ్చామ్మా?" అన్నాడు మెల్లిగా.

"తీసుకెళ్ళు నాయనా. ఇంకెన్నిసార్లు తీస్తారో" అంది అత్తయ్య. ఆవిడ మళ్ళీ ఎక్స్‌రే అనుకుంది. గొట్టం సీసా చేత్తో పట్టుకుని, ఏడుస్తూ మంచం పక్కనే నడిచింది. నడవాలో జనం పక్కకి జరిగారు. ఫోనులో నవ్వుతున్న ఒకాయన నవ్వు ఆపాడు. పెయింటరు తన మంచం మీదనుంచి లేవబోయి, ఆయాసం వచ్చి కూర్చుండిపోయాడు.

నేను దిండు పట్టుకుని వెనకాల నడుస్తున్నాను. ఎక్స్‌రే గది కుడివైపు. మంచం ఎడమవైపు తిరిగింది. "అత్తయ్యా, అటు కాదు" అన్నాను. నా మాట నాకే సరిగా వినపడలేదు. అతను లిఫ్టు దగ్గర ఆగి, "కిందికి, మార్చురీకి" అన్నాడు లిఫ్టాయనతో. అత్తయ్య ముక్కు చీదుకుంటూ ఉంది, వినలేదు. నేను వెనక్కి పరిగెత్తి మేడమ్ తలుపు తోశాను. దిండు చూపించి, లిఫ్టు వైపు చెయ్యి చూపించాను.

ఆవిడ బూట్లు అంత వేగంగా కిర్రుమనడం ఎవరూ విని ఉండరు. వచ్చి మంచం కమ్మీ పట్టుకుంది.

"ఎక్కడికి బాబూ?"

"మార్చురీకి మేడమ్."

"మార్చురీకా!" అని అత్తయ్య సీసాతో సహా నేలమీద కూలబడింది. "ఎక్స్‌రే కదురా!"

ఇంత గోల జరుగుతున్నా దుప్పటి కదల్లేదు. మేడమ్ గొంతు వినగానే నాన్న ఊపిరి కూడా బిగబట్టాడట. అందుకే అంత నిజంగా కనిపించింది. ఆవిడ పాదాల వంక చూసింది. దుప్పటి కింద కాలివేళ్ళు ముడుచుకుని ఉన్నాయి.

నా చేతిలో దిండు తీసుకుని దుప్పటి మీదుగానే కోతమీద పెట్టింది. దుప్పటి కింద చెయ్యి వెతికి పట్టుకుని దిండుమీద వేసింది. దానిమీద తన చెయ్యి అదిమింది.

"నొప్పి పుడుతుంది. తెలుసు. నేను పట్టుకున్నాను. బస్సు నిండిపోయింది కండక్టరు గారూ. దించండి."

ఏమీ లేదు. లిఫ్టాయన జాలిగా ఆవిడ వంక చూశాడు. పాపం, పనిచేసీ చేసీ మతి పోయిందనుకుని ఉంటాడు.

అప్పుడు మొహం దగ్గర దుప్పటి కొంచెం లేచింది. "హా." స్ట్రెచర్ అతను గోడకి అతుక్కున్నాడు. మళ్ళీ, ఇంకొంచెం పెద్దగా, "హా." ఆ తర్వాత దగ్గు. పొట్టలోంచి వచ్చింది. నడవా ఆ చివరిదాకా మోగింది. వార్డులోంచి పెయింటరు "అదీ! రెండో కోటు!" అని అరిచాడు. నేను తిరిగి చూసేసరికి స్ట్రెచర్ అతను మెట్లమీద రెండు మలుపులు దాటేశాడు. నాన్న స్టాపుల్లో ఎక్కడా ఆగలేదు.

మేడమ్ దుప్పటి తీసి, జేబులోంచి కప్పు తీసి పట్టింది. ఇంకోసారి దగ్గించింది. వెలుతురుకి వంచి చూసింది. చిక్కటి ముద్ద ఒకటి వచ్చింది. ఆవిడ మొహం వెలిగిపోయింది. ఆ సంతోషం పంచుకోవడానికి దగ్గర్లో ఇంకెవరూ లేక, "చూడండి, ఎంత వచ్చిందో!" అని లిఫ్టాయనకే చూపించింది. ఆయన తలుపులు మూసుకుని, ఎవర్నీ ఎక్కించుకోకుండానే కిందికెళ్ళిపోయాడు.

సాయంత్రం ఎక్స్‌రేలో ముడుచుకున్న భాగం విచ్చుకుంది. గొట్టం అక్కర్లేదన్నాడు పెద్ద డాక్టరు. నాన్న అందరిముందూ మేడమ్‌కి చెప్పాడు, "బండి కదులుతుంటే హాయిగా అనిపించింది మేడమ్. జీవితంలో మొదటిసారి టికెట్టు లేకుండా ప్రయాణం చేశాను."

"అందుకే మధ్యలో దించేశాను" అంది ఆవిడ.

ఇప్పుడు నాన్న డిపోలో కూర్చునే పని చేస్తున్నాడు. నేను మందుల కోసం పెద్దాసుపత్రికి వెళ్ళినప్పుడల్లా ఎవరో ఒకరు ఆ కథ చెబుతారు. ఆవిడ ఒక్కమాట అనగానే శవం దగ్గిందని. మాట నిజమే, ఆవిడ అంది, ఆయన దగ్గాడు. కానీ ఆ దగ్గు ఆరోజు పుట్టింది కాదు. ఎండాకాలమంతా, పొద్దునా సాయంత్రం, దిండు పట్టుకుని ఆవిడ ముందు కూర్చుని నేర్చుకున్నాడు. ఆ దగ్గు మా నాన్నకి ముందే వచ్చు.